మంత్రి గారూ, బాయిలర్ అటెండెంట్‌కు ఉన్న సర్కారు ముద్ర సేఫ్టీ ఆఫీసర్‌కు లేదేం?

కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

మీకిది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ మీ పేషీలో ఇచ్చి స్టాంపు వేయించుకున్నాను. స్టాంపులు భద్రంగా ఉన్నాయి, జవాబే రాలేదు. ఫోన్ చేస్తే "పరిశీలనలో ఉంది" అంటారు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నా.

పటాన్‌చెరు వైపు ఫార్మా యూనిట్లలో పన్నెండేళ్లు సేఫ్టీ ఆఫీసర్‌గా చేశాను. ఇంజనీరింగ్, ఆపైన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా. బాయిలర్ అటెండెంట్ సర్కారు పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. సింగరేణిలో గని పని దగ్గరుండి చూసే ఓవర్‌మన్ కావాలన్నా, గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ పరీక్ష రాయాల్సిందే. మందుల షాపు ఫార్మసిస్టుకూ కౌన్సిల్ నంబరుంది. నాకేముంది? కంపెనీ ఇచ్చిన ఐడీ కార్డు. అది లాక్కుంటే నేనెవరో చెప్పే కాగితం సర్కారు దగ్గర ఒక్కటీ లేదు.

లాక్కున్నారు కూడా. ఓ రాత్రి పదకొండింటికి ఇట్టే అంటుకునే సాల్వెంట్ ట్యాంకు పక్కన వెల్డింగ్ అంటూ హాట్ వర్క్ పర్మిట్, అంటే నిప్పురవ్వలు లేచే పనికి అనుమతి కాగితం, నా సంతకానికి తెచ్చారు. గ్యాస్ చెక్ చేశారా అంటే డిటెక్టర్ బ్యాటరీ అయిపోయిందన్నారు, లైన్ ఖాళీ చేశారా అంటే "పొద్దున డిస్పాచ్ ఉంది సార్" అన్నారు. నేను సంతకం పెట్టలేదు. నెల తిరక్కుండా నన్ను పంపించేసి, ఆన్‌లైన్‌లో వారం రోజుల కోర్సు చేసిన కుర్రాడిని నా కుర్చీలో కూర్చోబెట్టారు. పాపం అతన్నేమనను, కొత్తగా పెళ్లయింది, చూపించిన చోట సంతకం పెడతాడు. మొన్న నాకే ఫోన్ చేశాడు, "అన్నా, పర్మిట్‌లో ఎల్ఈఎల్ అని ఉంది, అక్కడేం రాయాలి?" అని. గాలిలో గ్యాస్ కనీసం ఎంత చేరితే అంటుకుంటుందో చెప్పే హద్దే ఎల్ఈఎల్. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2025 జూన్ 30న పాశమైలారం పేలుడులో 40 మందికి పైగా పోయారు. అప్పుడు నాయకులంతా వచ్చారు, కమిటీ వేశారు, సంతోషం. పాత ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 40-బి వెయ్యి మంది కార్మికులుంటే సేఫ్టీ ఆఫీసర్ ఉండాలంది, దాని చోట వచ్చిన కొత్త కార్మిక భద్రతా కోడ్ 500 అంటోంది, ప్రమాదకర ప్రాసెస్ అయితే 250. ఎంతమందికి ఒకడు కావాలో లెక్క బాగానే ఉంది, ఆ ఒకడికి పని వచ్చో రాదో చూసి పేరెక్కించుకునే రిజిస్టర్ ఎక్కడ సార్?

పరీక్ష పెట్టండి, ఈ వయసులోనూ కూర్చుని రాస్తా. ఫీజు కట్టమంటే కడతా. నంబరివ్వండి, ఆ నంబరు లేనివాడు పర్మిట్ మీద సంతకం పెడితే చెల్లదనండి. సంతకం పెట్టనన్నవాడిని తీసేయాలంటే ముందు మీ ఇన్‌స్పెక్టర్‌కు చెప్పి తీరాలని రాయండి. ఇదేమీ కాదంటే, కనీసం కాదని ఒక్క ముక్క రాసి పంపండి, స్టాంపు కాపీల పక్కన పెట్టుకుంటాను.

ఇట్లు,
కుర్చీ పోయిన ఒక సేఫ్టీ ఆఫీసర్