విన్నవాడల్లా గూఢచారి కాడు

సంపాదకులకు,

“మేడ మీద గూఢచారి రేడియో?” అంటూ, ఇంట్లో రేడియో సంకేతాలు వింటున్న ఓ డిగ్రీ కుర్రాణ్ణి అనుమానిస్తూ మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివిన రోజే ఈ ఉత్తరం రాయాల్సింది. నిజం తేలాక మీరే సరిచేస్తారన్న నమ్మకంతో ఆగాను. పోలీసులు ఆ కుర్రాణ్ణి విచారించి, అనుమానించాల్సిందేమీ లేదని ఇంటికి పంపేశారన్న సంగతి మొన్న లోపలి పేజీలో ఓ మూలన, మూడు లైన్లలో వచ్చింది. మొదటి రోజు మాత్రం అబ్బాయి ఫొటో, ఇంటి ఫొటో, తండ్రి చేసే పని, వీధి పేరు, అన్నీ వేశారు. ఇప్పుడా కుటుంబం వీధిలో తలెత్తుకుని తిరగడమెలా?

మీరు బాణం గుర్తులు వేసి చూపించిన ఆ “అనుమానాస్పద పరికరాలు” ఏమిటో, ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాడిగా చెబుతాను. పెన్‌డ్రైవ్‌లా ఉన్నది ఎస్‌డీఆర్ డాంగిల్, అంటే కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్. కంప్యూటర్‌లో టీవీ చూసుకోవడానికి తయారుచేసిన ఆ చిప్‌తో ఇతర రేడియో సంకేతాలూ వినొచ్చని 2012 ప్రాంతంలో అభిరుచిపరులు కనిపెట్టారు. అది అందుకుంటుందే తప్ప, ఒక్క అక్షరం పంపడం కూడా దానికి చేతకాదు. దాన్ని పట్టుకుని “శత్రువులకు సమాచారం చేరవేస్తున్నాడా?” అని రాసేముందు, పక్క కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మాస్టారికి ఒక్క ఫోన్ చేయలేకపోయారా?

ఇక చెక్క చట్రానికి చుట్టిన ఆ రాగి తీగ ఒక ఏరియల్. తమిళనాడులో తిరునల్వేలి దగ్గర నౌకాదళానికి ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ అనే కేంద్రం ఉంది. నీటి అడుగున ఉన్న జలాంతర్గాములకు అది 18.2 కిలోహెర్ట్జ్ మీద సందేశాలు పంపుతుంది. అంత తక్కువ ఫ్రీక్వెన్సీని పట్టడానికి ఖరీదైన రేడియో అక్కర్లేదు, తీగచుట్టను కంప్యూటర్ సౌండ్‌కార్డుకు తగిలిస్తే చాలు. ఆ సందేశాలన్నీ రహస్య కోడ్‌లో ఉంటాయి. ఈ అబ్బాయికే కాదు, బయటివాళ్లెవరికీ అందులో ఒక్క మాట అర్థం కాదు. వాడు గ్రాఫు గీసుకుంటున్నది ఆ కేంద్రం సంకేతం ఎప్పుడు బలపడింది, ఎప్పుడు తగ్గింది అన్నదాన్నే. సూర్యుడి మీద పెద్ద జ్వాల లేచినప్పుడు మన వాతావరణం పైపొర మారిపోతుంది, ఆ మార్పు గ్రాఫులో స్పష్టంగా కనిపిస్తుంది. కోల్‌కతాలోని ఇండియన్ సెంటర్ ఫర్ స్పేస్ ఫిజిక్స్ శాస్త్రవేత్తలు ఇదే కేంద్రం సంకేతాలతో పరిశోధన చేశారు. వాళ్లు చేస్తే పరిశోధన, మన జిల్లా పిల్లవాడు చేస్తే గూఢచర్యమా?

వాడు విన్నది సైనిక రేడియో కాదని నేను బుకాయించడం లేదు. ప్రపంచమంతటా వేలమందికి ఇది అభిరుచి. అమెరికా వైమానిక దళం 8992, 11175 కిలోహెర్ట్జ్‌ల మీద “ఆల్ఫా, బ్రావో” అంటూ అక్షరాల వరసలు చదువుతుంది. అందుకు తగిన షార్ట్‌వేవ్ సెట్టు ఉన్న ఎవరికైనా వినిపిస్తాయి, అర్థం మాత్రం బయటివాళ్లెవరికీ తెలియదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఇలాంటి అభిరుచిపరులనే వెతికి పట్టుకుంది. సుమారు 1,500 మంది తమ ఇళ్లలోనే కూర్చుని జర్మన్ గూఢచారుల సంకేతాలు విని, రాసుకుని, పోస్టులో పంపేవారు. బ్రిటన్ కోడ్ ఛేదన కేంద్రం బ్లెచ్లీ పార్క్‌లో ఛేదించిన రహస్యాల వెనక వాళ్ల శ్రమ కూడా ఉంది. మన దేశంలోనూ 2024 చివర్లో పశ్చిమ బెంగాల్ సరిహద్దు ప్రాంతాల్లో అర్ధరాత్రి వస్తున్న అనుమానాస్పద సంకేతాలను విని కేంద్రానికి తెలియజేసింది అక్కడి హామ్ రేడియో వాళ్లే, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచిగా రేడియోలో మాట్లాడుకునేవాళ్లే. 2004 డిసెంబరులో సునామీ వచ్చి అండమాన్‌లో ఫోన్లు మూగబోయినప్పుడు, పోర్ట్‌బ్లెయిర్ నుంచి బయటి ప్రపంచానికి కబురందించింది హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లిన భారతి ప్రసాద్, ఆమె బృందం. ఆపద వచ్చినప్పుడు అక్కరకొచ్చే విద్య, ఆపద తీరగానే నేరమైపోతోంది.

దేశభద్రత నాకూ ముఖ్యమే. విన్నదాన్ని, ముఖ్యంగా ఏ విమానం ఎక్కడ ఉందో, ఏ దళం ఎటు కదులుతోందో, బయటపెట్టేవాణ్ణి శిక్షించాల్సిందే. విన్నది చెవి దాటి పోకూడదన్నది ఈ అభిరుచిలో ఉన్న పాతవాళ్ల నియమం. కానీ గాలిలోకి బాహాటంగా మాట్లాడిన మాట మేడ మీది కుర్రాడి కంటే ముందు శత్రువుకే చేరుతుంది. 2022లో రష్యన్ సైనికులు ఉక్రెయిన్‌లో మామూలు వాకీటాకీల్లో మాట్లాడుకుంటే, ఆ మాటలు అభిరుచిపరుల రికార్డర్లలోకీ ఎక్కాయి. ఆ తప్పు విన్నవాళ్లదా, మాట్లాడినవాళ్లదా? ముంబై దాడులప్పుడు కమాండోల కదలికలను గంటల తరబడి ప్రత్యక్ష ప్రసారం చేసింది టీవీ ఛానళ్లు. 2012లో కసబ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు వాటిని గట్టిగా తప్పుపట్టింది. అయినా 2025 ఏప్రిల్‌లో, సైనిక చర్యలను ప్రత్యక్షంగా చూపొద్దని కేంద్రం మళ్లీ చెప్పాల్సి వచ్చింది. ఆ ఛానళ్లలో ఎందరి ఇళ్లకు పోలీసులు వెళ్లారు?

అధికారుల తీరు మరీ దారుణం. 1980ల దాకా ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవాళ్లం. చిన్న పుస్తకం ఉండేది, నియమమేమిటో ఎవరిని అడిగినా చెప్పేవారు. ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం సందేశాలను అక్రమంగా వింటే మూడేళ్ల దాకా జైలు, లేదా 2 కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సరే, అంత కఠినమైన చట్టం ఉన్నప్పుడు ఏది వినొచ్చో, ఏది వినకూడదో మామూలు మనిషికి అర్థమయ్యేలా ఒక్క కాగితమైనా ఉండాలా వద్దా? తెలుగులో అలాంటిది నాకు ఇంతవరకు కనిపించలేదు. బ్రిటన్ చట్టం కూడా కఠినమే. అయినా ప్రసారాలు, హామ్ సంభాషణలు, వాతావరణ సమాచారం వినొచ్చు, తక్కినవి కూడదు అని అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ తేటగా చెబుతుంది. ఇక్కడ అడిగితే పోలీసులు టెలికాం వాళ్లను అడగమంటారు, టెలికాం వాళ్లు ఢిల్లీ అంటారు. సర్కారు కాలేజీల్లో ఎలక్ట్రానిక్స్ ల్యాబులకు తాళాలు పడుతున్నాయి, ఆసిలోస్కోపుల మీద దుమ్ము పేరుకుంటోంది. సొంత డబ్బుతో ఇంట్లో ల్యాబు పెట్టుకున్నవాడి ఇంటికేమో జీపు వస్తుంది.

ఇదంతా జరిగింది ఎక్కడ? కట్టబొమ్మన్ లాంటిదే, దేశంలో రెండో వీఎల్ఎఫ్ (అతి తక్కువ ఫ్రీక్వెన్సీ) రేడియో కేంద్రం వస్తున్న మన వికారాబాద్ జిల్లాలో. 2024 అక్టోబరులో రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ దామగుండం అడవిలో దానికి శంకుస్థాపన చేశారు. చెట్ల గురించి, గుడి గురించి, రేడియేషన్ గురించి జనం ఎన్నో భయాలు వెలిబుచ్చారు. ఆ రేడియో ఎలా పనిచేస్తుందో ఊరూరా తిరిగి ఓపికగా వివరించిన అధికారిని నేను చూడలేదు. ఆ వివరం తనంతట తాను నేర్చుకున్న ఒకే ఒక్క పిల్లవాణ్ణి మనం గూఢచారిని చేశాం. రేపు ఆ కేంద్రం మొదలయ్యాక దాని సంకేతం జిల్లాలో ఏ తీగచుట్ట పెట్టినా అందుతుంది. అప్పుడు ప్రతి కాలేజీ మీదా దాడి చేస్తారా?

మీ వెబ్‌సైట్‌లో ఆ అబ్బాయి ఫొటో ఇప్పటికీ ఉంది, ఈరోజే తీసేయండి. మొదటి వార్త వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాలతో, వాడి తప్పేమీ లేదని వేయండి. ల్యాప్‌టాప్, డాంగిల్ ఇంకా స్టేషన్‌లోనే ఉన్నాయని వాళ్ల నాన్న చెప్పారు. సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడ్డాయి, ప్రాజెక్టు రిపోర్టంతా అందులోనే ఉందట. ఏ ఉత్తర్వుతో వాటిని ఉంచుకున్నారో మీ విలేకరిని పంపి అడిగించండి.

– విశ్రాంత ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు, వికారాబాద్