జవాబివ్వకుండా మా టికెట్ మూసేసిన మీ సపోర్ట్ విభాగంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ అధికారి గారికి,

మా బిల్లింగ్, స్టాకు లెక్కలు అన్నీ మీ క్లౌడ్‌లోనే, అంటే ఇంటర్నెట్ ద్వారా వాడుకునే మీ సర్వర్లలోనే ఉన్నాయి. మీ అప్‌డేట్ తర్వాత బ్యాకప్ తెరుచుకోవడం మానేసింది. లోపాలు ఎవరికైనా వస్తాయి, ఆ ఒక్కదానికే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాను.

చాట్‌లో నేనేం అడిగినా, మనిషి బదులు జవాబిచ్చే మీ బాట్ అవే లింకులు పంపింది. మనిషితో మాట్లాడాలంటే టికెట్ పెట్టమంది, అంటే ఫిర్యాదు నమోదు చెయ్యమంది. పెట్టాను. ఒక ఏజెంట్ స్క్రీన్‌షాట్లు అడిగారు, పంపాను. ఆయన పోయి ఇంకొకరు వచ్చి మళ్లీ అవే అడిగారు. ఫోన్ చేస్తే టెక్నికల్ వాళ్లు బిల్లింగ్‌కి, బిల్లింగ్ వాళ్లు టెక్నికల్‌కి తిప్పారు. ఎవరు ఎత్తినా మొదట్నుంచి చెప్పుకోవాల్సిందే. మీ ఇంటర్నెట్ చూసుకోండి అన్నారొకరు. మిగతావన్నీ దాని మీదే నడుస్తున్నాయని చెప్తుంటే వినిపించుకోలేదు. చివరికి వచ్చిన మెయిల్: “మీ నుంచి స్పందన లేనందున టికెట్ మూసివేశాం.” నేనిచ్చిన జవాబు దాని కిందే ఉంది! బ్యాకప్ పోయినప్పుడు కూడా నాకంత కోపం రాలేదు. టికెట్ మళ్లీ తెరవమని అడిగితే, ఇక మీదట ఫోన్ సపోర్ట్ కావాలంటే పై ప్లాన్ కొనుక్కోమన్నారు.

చిన్న సంస్థలు క్లౌడ్‌కి ఎందుకు వస్తాయి? సర్వర్ కొనే పెట్టుబడి ఉండదు, దాన్ని చూసుకునే మనిషి ఉండడు. వాడుకున్నంతకే కట్టండి, మిగతాది మేం చూసుకుంటాం అని మీ సేల్స్ వాళ్లు ఇచ్చిన మాట మీద వచ్చాం. డేటా బయటివాళ్ల చేతిలో పెట్టడమా అని మా పార్ట్‌నర్ భయపడితే నచ్చజెప్పి ఒప్పించాను. పెద్ద కంపెనీలకు సొంత ఇంజినీర్లుంటారు, మీరు పలక్కపోయినా గడుపుకుంటారు. మాకు మీ సపోర్టే ఐటీ విభాగం. ఒప్పందంలో 99.9 శాతం అప్‌టైమ్ (సర్వీసు ఆగకుండా నడిచే సమయం) అని రాశారు, అంటే నెలకు దాదాపు 43 నిమిషాలు ఆగినా హామీ తప్పినట్టు కాదు. ఫిర్యాదుకు ఎప్పటిలోగా జవాబిస్తారో మాత్రం అందులో ఒక్క ముక్క లేదు.

వెళ్లిపోదామంటే డేటా బయటికి తీయడానికి గిగాబైట్ల లెక్కన ఛార్జీ. తీసినా మీ ఫార్మాట్ ఇంకెక్కడా తెరుచుకోదు. చేరినప్పట్నుంచీ బిల్లు ఒక్కసారి కూడా ఆలస్యం చెయ్యని కస్టమర్‌కు మీరిచ్చే మర్యాద ఇదా? నా మాట విని మీ దగ్గర చేరిన వ్యాపారులున్నారు, జరిగిందంతా వాళ్లకు చెప్తాను. పని తెలిసిన మనిషి ఒకరు టికెట్ మొత్తం చదివి, తన పేరు చెప్పి నాకు ఫోన్ చెయ్యాలి. చేతకాదంటే మా డేటా ఎక్కడైనా తెరుచుకునే ఫార్మాట్‌లో, ఛార్జీ లేకుండా ఇచ్చేయండి. రెండూ జరక్కపోతే తర్వాతి ఉత్తరం మా లాయరు రాస్తారు.

ఇట్లు,
ఒక చిన్న వ్యాపార సంస్థ యజమాని