హాట్ యోగా మొదలుపెట్టే సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే వారం నుంచి హాట్ యోగా (వేడిచేసిన గదిలో చేసే యోగా) తరగతికి వెళ్లదలచినవారు ఈ సందేశాన్ని పూర్తిగా చదవవలసిందిగా కోరుతున్నాను.

అనంతపురం ఎండలు చూసిన మనకు 40 డిగ్రీల గది ఒక లెక్కా అని కొందరు అన్నారు. ఆ ధీమా సరికాదు. మన వేసవిది పొడి వేడి కనుక చెమట త్వరగా ఆరి ఒంటిని చల్లబరుస్తుంది. ఆ గదిలోనైతే తేమను కూడా 40 శాతం దాకా ఉంచుతారు కాబట్టి చెమట అంత త్వరగా ఆరక, ఒంటి వేడి తగ్గక, గుండెకు శ్రమ పెరుగుతుంది. హాట్ యోగాలో ఒక రకమైన బిక్రమ్ పద్ధతిలో 26 ఆసనాలు, 2 శ్వాస సాధనలు 90 నిమిషాలు సాగుతాయి. తొలిరోజే అన్నీ పూర్తిచేయాలనుకోవద్దు. వేడికి కండరాలు మామూలుకంటే ఎక్కువ సాగుతాయి గనుక, హద్దు దాటిన సంగతి మరునాటి నొప్పితో గాని తెలియదు.

తల తిరిగినా, వికారం అనిపించినా వెంటనే బయటకు వచ్చి చల్లని చోట కూర్చోండి. భోజనం 2 గంటల ముందే ముగించండి. నీళ్లు రోజంతా తాగుతూ ఉండండి, తువ్వాలు మరవవద్దు. గర్భిణులు, గుండెజబ్బు, మధుమేహం ఉన్నవారు, ముఖ్యంగా రక్తపోటు మాత్రలు వాడుతున్న పెద్దలు, దయచేసి వైద్యుణ్ణి సంప్రదించాకే పేరు ఇవ్వండి.