జనపనార కార్మికుల చిత్రం, మీ పెళ్లి వీడియోలు

మా స్టూడియోకు అడ్వాన్సు ఇచ్చిన వారందరికీ నమస్కారం. విజయనగరం చుట్టుపక్కల జనపనార మిల్లు కార్మికుల నిత్యజీవితంపై మేము తీస్తున్న డాక్యుమెంటరీ ఎడిటింగ్ దశకు చేరింది. అందువల్ల ఇకపై పెళ్లి వీడియో మీ చేతికి అందడానికి నెలకు బదులు రెండు నెలలు పడుతుంది. ధర పెంచడం లేదు. అంత ఆలస్యం కుదరదనుకున్నవారికి అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇస్తాము.

ఈ చిత్రానికి వేరే పెట్టుబడి లేదు, పెళ్లిళ్ల ఆదాయంతోనే తీస్తున్నాము. అందుకే మీకు వివరంగా చెప్పవలసిన బాధ్యత ఉంది.

మిల్లు లోపల చిత్రీకరణకు యాజమాన్యం అనుమతి ఇవ్వలేదు. 1895లో ఫ్రాన్సులోని లియోన్‌లో, సినిమాకు ఆద్యులైన లూమియర్ సోదరులు తమ సొంత కర్మాగారం గేటు ముందు కెమెరా నిలిపి, బయటికి వస్తున్న కార్మికులను తీశారు. మేమూ గేటు దగ్గరే ఆగాము, కానీ మా కెమెరాను లోపలికి వెళ్లలేని వారి వైపు తిప్పాము. షిఫ్టు వేళకు వచ్చి, ఆ పూట పనికి రానివారి స్థానంలో తమను పిలుస్తారేమోనని ఎదురుచూసే బదిలీ కార్మికులు వారు. పిలుపు రాకపోతే ఆ రోజు కూలి ఉండదు. ధాన్యానికి ప్రభుత్వం కొనే గోనె సంచుల గిరాకీ తగ్గినప్పుడు ఆ పిలుపులూ తగ్గుతాయి.

మిగతాదంతా ఇళ్లలో తీశాము. ట్యూబులైటు వెలుతురు తెరపై మినుకుమనకుండా, మన కరెంటు 50 హెర్ట్జ్‌కు తగినట్టు కెమెరా షట్టరు తెరుచుకునే సమయాన్ని సెకనులో 50వ వంతుకు పెట్టుకోవడం తేలికే. మాటలను పట్టుకోవడమే కష్టం, ఎందుకంటే ఏళ్ల తరబడి మగ్గాల హోరులో పనిచేసిన పెద్దలు ఇంట్లోనూ కేకవేసినట్టే మాట్లాడతారు. ఆ గొంతును ఎడిటింగులో మెత్తబరచకూడదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే వారి పని వారి శరీరంలో ఎలా మిగిలిపోయిందో అది చెబుతుంది. జీతం గురించి మాట్లాడి, తర్వాత ఉద్యోగానికి ముప్పు వస్తుందని భయపడి తీసేయమన్నవారి మాటలను మాత్రం వెంటనే తొలగించాము.

మరొక విషయం మీ అనుమతికి సంబంధించినది. మా దగ్గరున్న పాత పెళ్లి క్యాసెట్లలో మిల్లు కార్మికుల వాడలు, పందిరి వేసే తోటి కార్మికులు, రాత్రి షిఫ్టుకు వెళ్లే ముందు అక్షింతలు వేసి వెళ్లిన బంధువులు ఉన్నారు. వాటిని వాడుకోవాలని మాకు ఎంతో ఆశగా ఉంది. అయినా ఆ కుటుంబం స్టూడియోకు వచ్చి, ఆ భాగం స్వయంగా చూసి, సంతకం చేస్తేనే చిత్రంలో చేరుస్తాము. సంతకం చేయనివారి వీడియో పనిలో గానీ, ధరలో గానీ ఏ తేడా ఉండదు.