జవాను చదువుకూ నిధి ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నాలుగేళ్ల సర్వీసు కోసమే సైన్యంలోకి తీసుకున్న అగ్నివీరుల మొదటి బ్యాచ్ 2022 చివర్లో, 2023 జనవరిలో శిక్షణకు వెళ్లింది. అంటే 2026 ఆఖరు నుంచి వాళ్లకు నాలుగేళ్లు నిండటం మొదలవుతుంది. నూటికి ఇరవై ఐదు మందికి మించి సైన్యంలో ఉంచుకోరు. మిగతా పిల్లలు ఇరవై రెండేళ్లకో, ఇరవై ఐదేళ్లకో పెట్టె సర్దుకుని ఇంటికి వస్తారు. వాళ్లలో మన రెండు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు. వచ్చాక వాళ్లు చదువుకోవాలంటే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? దీని మీద మన పత్రికల్లో చర్చ జరగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పెన్షన్ మీద వచ్చిన సుబేదారుని. సర్వీసులో ఎక్కువ కాలం యూనిట్ ఆఫీసులో కాగితాల పనే చూశాను. పెన్షన్ డ్రిల్‌కి, అంటే రిటైరయ్యే ముందు కాగితాలు పూర్తి చేసుకోవడానికి వెళ్లే జవాన్ల డాక్యుమెంట్లు నా చేతుల మీదుగానే వెళ్లేవి. కాబట్టి ఈ సంగతులు నాకు దగ్గరగా తెలుసు.

ఏటా సుమారు 60 వేల మంది సైన్యం నుంచి బయటికి వస్తారు. ఎక్కువ మందికి వయసు 35 నుంచి 45 మధ్య. పిల్లలు హైస్కూల్లో ఉంటారు, ఇంటి అప్పు సగంలో ఉంటుంది, ఇంకో ఇరవై ఏళ్లు పని చేయగల ఒళ్లు ఉంటుంది. వీళ్ల కోసం రక్షణ శాఖలో రీసెటిల్‌మెంట్ డైరెక్టరేట్ ఉంది, మేం డీజీఆర్ అంటాం. ఆఫీసర్లు ఐఐఎంల వంటి చోట్ల ఆరు నెలల మేనేజ్‌మెంట్ కోర్సు చేస్తే ఫీజులో 60 శాతం అదే భరిస్తుంది. జేసీవోలకు (నా వంటి సుబేదార్ల స్థాయి వాళ్లకు), జవాన్లకు పెట్టే కోర్సుల ఫీజు మొత్తం అదే కడుతుంది. ఇది మంచి పథకం. దీన్ని పెట్టినవాళ్లకు దండం పెడతాను.

చిక్కు ఎక్కడంటే, ఆ కోర్సు ముఖ్యంగా సర్వీసు ఆఖరి రోజుల్లో చేయాలి. ఆ రోజులు ఎలా ఉంటాయో చెబుతాను. యూనిట్ ఫీల్డ్ ఏరియాలో ఉంటుంది. మనుషులు తక్కువ, డ్యూటీలు ఎక్కువ. కంపెనీ కమాండర్ మంచివాడైనా మనిషిని వదలలేడు. వదిలినప్పటికి కోరుకున్న కోర్సులో సీటు అయిపోయి ఉంటుంది, మిగిలింది ఏ దూర రాష్ట్రంలోనో ఉంటుంది. అప్పటికే భార్య ఊళ్లో ఇల్లు చూసి పిల్లల్ని బళ్లో వేయించే హడావుడిలో ఉంటుంది. మా యూనిట్‌లో ఒక హవల్దారు ఉండేవాడు. వెహికల్ మెకానిక్. ఇంజను చప్పుడు విని ఏ సిలిండర్‌లో తేడా ఉందో చెప్పేవాడు. ఎలక్ట్రిక్ బండ్ల పని నేర్చుకుంటానని ఎంతో ఆశపడ్డాడు. దొరికింది సెక్యూరిటీ సూపర్‌వైజర్ కోర్సు. ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రిజిస్టర్ రాస్తున్నాడు. ఆ పని తక్కువదని నేను అనను. అతని చేతిలోని విద్య అక్కడ ఎవరికీ అక్కరకు రావడం లేదనే నా బాధ.

యూనిఫాం విప్పాక ఊళ్లో కాస్త కుదురుకుని, ఇక్కడ ఏ పనికి గిరాకీ ఉందో చూసుకుని, అప్పుడు కదా మనిషికి ఏం నేర్చుకోవాలో తెలిసేది! డబ్బు అప్పుడు అందాలి. ఇప్పుడున్న ఏర్పాటులో చాలామందికి అప్పటికే వంతు అయిపోయి ఉంటుంది.

మరి ఇప్పుడున్న సాయం ఎవరికి వెళుతోంది? ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ ఏటా 5,500 మందికి ఇస్తారు. అబ్బాయిలకు నెలకు 2,500, అమ్మాయిలకు 3,000 రూపాయలు. అది మాజీ సైనికుల పిల్లలకు, వితంతువులకు. హవల్దారు, అంతకంటే కింది ర్యాంకు వాళ్లకు ఎడ్యుకేషన్ గ్రాంట్ ఉంది, అదీ ఇద్దరు పిల్లల వరకు. మన ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో 2 శాతం క్యాప్ కోటా (సైనికుల పిల్లల కోటా) ఉంది, అదీ పిల్లలకే. ఇవన్నీ ఉండాలి, ఇంకా పెరగాలి కూడా. కానీ పదో తరగతి పాసై పద్దెనిమిదేళ్లకు సైన్యంలోకి వెళ్లి, చదువు అక్కడే ఆగిపోయిన మనిషికి డిగ్రీ చదవడానికి, పాలిటెక్నిక్‌లో చేరడానికి, నర్సింగ్ నేర్చుకోవడానికి ఇదిగో ఈ డబ్బు అని చేతిలో పెట్టేది ఏదీ లేదు.

పదిహేనేళ్ల సర్వీసున్న మెట్రిక్ పాస్ జవాన్ని కేంద్రంలోని గ్రూప్ సి ఉద్యోగాలకు డిగ్రీతో సమానంగా చూస్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం సైన్యంతో ఒప్పందం చేసుకుని, అంత సర్వీసు చేసినవాళ్లకు మానవ వనరుల నిర్వహణలో బీఏ పట్టా ఇస్తోంది. విశాఖ నుంచి ఈ పని జరగడం తెలుగువాడిగా నాకు గర్వంగా ఉంది. అయితే ఆ రెండు దారులూ పదిహేనేళ్లు నిండినవాళ్లకు. నాలుగేళ్లకు వచ్చేసే పిల్లవాడు ఆ లెక్కలోకే రాడు. అగ్నివీరుడికి ఎక్స్ సర్వీస్‌మన్ (మాజీ సైనికుడి) హోదా కూడా లేదు, పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. మా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో మాకు ఉన్న పథకాలేవీ అతనికి వర్తించవు.

దీనికి అందరూ చెప్పే జవాబు సేవా నిధి, అంటే నాలుగేళ్లు నిండాక అగ్నివీరుడికి ఒకేసారి ఇచ్చే మొత్తం. 11.71 లక్షలు వస్తాయి, దాంతో చదువుకోమనండి అంటారు. అందులో 5.02 లక్షలు నెలనెలా అతని జీతంలోంచి పట్టుకున్నవే. మొదటి ఏడాది జీతం 30 వేలైతే చేతికొచ్చేది 21 వేలు, మిగతా 9 వేలు ఆ నిధికి పోతాయి. సరే, ఆ మొత్తం ఒకేసారి ఇంటికి వస్తుంది. ఎలాంటి ఇంటికి వస్తుంది? కౌలు వ్యవసాయం చేసే తండ్రి, పెళ్లికి ఎదిగిన చెల్లి, వడ్డీ పెరిగిపోతున్న అప్పులు, పునాదుల దాకా లేచి ఆగిపోయిన ఇల్లు. సైన్యానికి వెళ్లే పిల్లలు ఎక్కువగా ఇలాంటి ఇళ్ల నుంచే వెళతారు. అక్కడ "నాన్నా, ఈ డబ్బు నా డిగ్రీకి" అని ఏ కొడుకు అనగలడు? అనకూడదు కూడా. ఆ డబ్బు ఇంటి కష్టానికి పోతుంది, అది న్యాయం. చదువుకి వేరే డబ్బు కావాలి. అది చదువుకి తప్ప ఇంకెందుకూ వాడటానికి వీల్లేని డబ్బు అయ్యుండాలి. నేరుగా కాలేజీకో, శిక్షణ సంస్థకో చేరాలి.

ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) అగ్నివీరుల కోసం మూడేళ్ల డిగ్రీ పెట్టింది. సగం క్రెడిట్లు సైన్యంలోని శిక్షణ నుంచే వస్తాయి. మంచిదే. బోర్డర్ పోస్టులో డ్యూటీ చేస్తూ మిగతా సగం పూర్తి చేయడం ఎంతమందికి కుదురుతుందో డ్యూటీ చేసినవాళ్లకు తెలుసు. మధ్యలో ఆగిన పిల్లవాడు ఇంటికొచ్చాక దూరవిద్యలో కొనసాగుదామంటే, మన రాష్ట్రాల ఫీజు రీయింబర్స్‌మెంట్ దూరవిద్యకు రాదు.

అమెరికాలో 1944 జూన్‌లో, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగానే, తిరిగొచ్చే సైనికుల చదువు కోసం చట్టం చేశారు. ఏడాదికి 500 డాలర్ల వరకు ఫీజు, అది కాక ఒంటరివాడికి నెలకు 50 డాలర్లు, కుటుంబం ఉన్నవాడికి 75 డాలర్లు ఇచ్చారు. 1956 నాటికి 78 లక్షల మంది దానితో చదువుకున్నారు, పని నేర్చుకున్నారు. అందులో కాలేజీకి వెళ్లినవాళ్లు 22 లక్షలు. వాళ్ల ఖజానాతో మనకు పోటీ లేదు. నల్లజాతి సైనికులను స్థానిక ఆఫీసులు తిప్పి పంపిన అన్యాయం కూడా ఆ చరిత్రలో ఉంది, అది మనం తెచ్చుకోనక్కర్లేదు. తెచ్చుకోవాల్సిందల్లా ముందుచూపు. మనుషులు రైలు దిగే వేళకు చట్టం సిద్ధంగా ఉంది. డబ్బు ఇవ్వడం వరకే ప్రభుత్వం చూసుకుంది, ఏం చదవాలో, ఎక్కడ చదవాలో సైనికుడికి వదిలేసింది.

మా తాడేపల్లిగూడేనికి దగ్గర్లో మిలిటరీ మాధవరం ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి నుంచి జవాన్లు వెళ్లారు, ఇప్పటికీ వెళుతున్నారు. పండగలకు మంత్రులు వచ్చి ఆ ఊరిని పొగడటం చూస్తుంటాం. డిసెంబరు 7న పతాక దినోత్సవానికి హుండీలు తిప్పి విరాళాలు కూడా సేకరిస్తారు. ఆ గౌరవం నిజమైనదే అయితే రెండు రాష్ట్ర ప్రభుత్వాలు ఈ పని చేయొచ్చు. సైన్యం నుంచి వచ్చిన ప్రతి ఒక్కరికీ, అగ్నివీరుడితో సహా, డిశ్చార్జి అయిన అయిదేళ్ల లోపు ఎప్పుడైనా వాడుకునేలా ఒక కోర్సు ఫీజు భరించాలి. డిగ్రీ కానివ్వండి, ఐటీఐ కానివ్వండి, దూరవిద్య కానివ్వండి. చదివినన్నాళ్లు బస్సు ఖర్చులకు, మెస్సుకు సరిపడా నెలకు కొంత ఇవ్వాలి. వయసు, చదువులో గ్యాప్ వంటి నిబంధనలు వీళ్లకు అడ్డు పెట్టకూడదు. కేంద్రం తన వంతుగా డీజీఆర్ కోర్సును సర్వీసులో చేయలేకపోయిన జవానుకి, బయటికొచ్చాక తన జిల్లాలోనే చేసుకునే హక్కుగా ఇవ్వాలి.

ఇదంతా తేలేలోపు ఒక్క చిన్న పని వెంటనే చేయొచ్చు. ఏ జిల్లా నుంచి ఎంతమంది అగ్నివీరులు వెళ్లారో రిక్రూటింగ్ ఆఫీసుల్లో లెక్క ఉంటుంది. జిల్లా కలెక్టర్లు ఆ జాబితా తెప్పించుకుని, ఏం చదవాలనుకుంటున్నారో ఆ పిల్లల్ని ఇప్పుడే అడిగించాలి. వచ్చే విద్యా సంవత్సరం సీట్లకు, బడ్జెట్‌కు ఆ లెక్క పనికొస్తుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత సుబేదార్,
తాడేపల్లిగూడెం, పశ్చిమ గోదావరి జిల్లా