మా పనికి బ్యూటీ పార్లర్ అని పేరు పెట్టకండి, మంత్రిగారూ

గౌరవనీయులైన సినిమాటోగ్రఫీ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గర ఒక పల్లెలో ఉంటాను. పదహారేళ్లుగా సినిమాలకి ప్రొస్థెటిక్ మేకప్ చేస్తున్నాను, అంటే చర్మంలాంటి ముక్కలు తయారు చేసి అతికించి నటుల ముఖాలు మార్చే పని. ప్రభుత్వానికి నేను పెట్టుకుంటున్న ఏడో అర్జీ ఇది. ముందు ఆరింటిలో నాలుగు సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చాను, ఒకటి బ్యాంకు పెద్ద మేనేజరుకి ఇచ్చాను, ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో పేషీకి పంపాను. ఆరింటి రసీదులూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. జవాబు ఒక్కదానికీ రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. తప్పుగా అనుకోకండి.

నా పనికి గది, సామాను సమకూర్చుకోవడానికి స్వయం ఉపాధి రుణానికి దరఖాస్తు చేశాను. ఆ రుణం, అందులో ఆడవాళ్లకి సబ్సిడీ, ఆన్‌లైన్ దరఖాస్తు, తనిఖీ, ఇవన్నీ మీకు తెలిసినవే. నా గొడవ పథకంతో కాదు. ఆ దరఖాస్తులో వృత్తి అని ఒక గడి ఉంటుంది. దాన్ని నొక్కితే పెద్ద జాబితా తెరుచుకుంటుంది. అందులో టైలరింగ్ ఉంది, పిండిమర ఉంది, టెంట్ హౌస్ ఉంది, ఫొటో స్టూడియో ఉంది. నా పని లేదు. కంప్యూటర్ దగ్గర కూర్చున్న అబ్బాయి మంచివాడే. రెండుసార్లు పైనుంచి కిందకి వెతికాడు. "మేకప్ అంటున్నావు కదా అక్కా, బ్యూటీ పార్లర్ అని పెట్టేస్తాను, బేగి పనైపోద్ది" అన్నాడు. నేనూ సరే అన్నాను. ఆ ఒక్క మాటకి నాకు మూడేళ్లు పోయాయి.

ఆ రోజు నుంచి నా ఫైలు ఎవరు తెరిచినా బ్యూటీ పార్లర్ అనుకునే చూశారు. నేను పెట్టిన కొటేషన్లలో ఏసీ ఉంది, ఓవెన్ ఉంది, వాక్యూమ్ పంపు ఉంది, షెడ్డులో రెండు విడి గదులు కట్టడానికి ఎస్టిమేటు ఉంది. తనిఖీకి వచ్చిన అధికారి గుమ్మంలోనే నిలబడి కాగితం చదివారు. "ఏటమ్మా ఇది? మేకప్‌కి ఓవెన్ ఏటి? బేకరీ పెడతావేటి?" అన్నారు. లోపలికి రండి సార్, చూపిస్తాను అన్నాను. రాలేదు. ఇంకా నాలుగు ఊళ్లు తిరగాలట.

ఆయన లోపలికి వచ్చి ఉంటే చెప్పేదాన్ని. ఆయనకి చెప్పలేకపోయింది మీకు చెబుతాను, ఓపిగ్గా చదవండి. ముసలి ముఖం కావాలంటే రంగుతో గీతలు గీస్తే చాలదు. ముందు ఆ నటుడి ముఖం అచ్చు తీయాలి. పళ్ల డాక్టర్లు నోటి అచ్చు తీయడానికి వాడే ఆల్జినేట్‌నే ముఖమంతా పూసి, దాని మీద ప్లాస్టర్ బ్యాండేజీ చుడతాం. ముక్కురంధ్రాలు మాత్రం వదిలేస్తాం. ఆ మనిషి కళ్లు మూసుకుని, నోరు మూసుకుని, మన మీద నమ్మకంతో కూర్చుంటాడు. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి తల తయారు చేసుకుని, దాని మీద క్లేతో ముడతలు, కళ్ల కింద సంచులు, చర్మం మీది సన్నటి గుంతలతో సహా చెక్కుతాం. దానికి మళ్లీ మోల్డ్ తీసి, అందులో సిలికాన్ గానీ ఫోమ్ లేటెక్స్ అనే నురగ రబ్బరు గానీ నింపుతాం. బయటికి వచ్చిన ముక్క అంచు ఉల్లిపొర కంటే పలచగా ఉండాలి. అంచు మందంగా వస్తే క్లోజప్‌లో దొరికిపోతాం.

ఫోమ్ లేటెక్స్ ఓవెన్‌లో ఉడికితేనే నురగ చర్మంలా మారుతుంది. అందులో గంధకం ఉంటుంది కాబట్టి ఆ ఓవెన్‌లో తిండి వండకూడదు, ఇంట్లోది తెచ్చి వాడుకోవడం కుదరదు. సిలికాన్‌కి ఆ గంధకం పడదు. లేటెక్స్ గ్లౌజు వేసుకున్న చెయ్యి తగిలినా ప్లాటినం సిలికాన్ గట్టిపడకుండా జిగురుజిగురుగా ఉండిపోతుంది. రెండు గదులు అడిగింది అందుకే. సిలికాన్ కలిపినప్పుడు లోపల చేరే గాలిబుడగలు లాగేయడానికి వాక్యూమ్ పంపు. వేడికి సిలికాన్ తొందరగా గట్టిపడిపోతుంది కాబట్టి ఏసీ. ఇరవై నిమిషాలు చేతిలో ఉండాల్సిన సిలికాన్ మే నెలలో మా రేకుల షెడ్డులో పది నిమిషాలకే బిగుసుకుపోతుంది. నేను చల్లగా కూర్చోవడానికి కాదు సార్ ఏసీ అడిగింది. ఉక్కకి తట్టుకోలేక పోయినేడు తెల్లవారుజామున మూడింటికి లేచి కలిపేదాన్ని.

చివరికి ఏం మంజూరైందో చెప్పమంటారా? హైడ్రాలిక్ కుర్చీలు రెండు, ఫేషియల్ స్టీమరు ఒకటి, నిలువుటద్దాలు నాలుగు. నేను అడిగినవన్నీ ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన "అనవసరం" అని రాశారు. ఆ కాగితం చూసి ఇంటికొచ్చి ఏడ్చాను. కుర్చీలూ స్టీమరూ తీసుకుని అప్పు నెత్తిన పెట్టుకోలేక వద్దన్నాను. ఇప్పుడు నా పేరు పక్కన "లబ్ధిదారు నిరాకరించారు" అని ఉంది. మళ్లీ దరఖాస్తు చేయబోతే ముందుది మూసేవరకు కొత్తది తీసుకోదట. మూసేది ఎవరని అడిగితే బ్యాంకు అంటారు. బ్యాంకుకి వెళితే ఆఫీసు అంటారు.

బ్యూటీ పార్లర్ నడిపే వాళ్లంటే నాకు చిన్నచూపు లేదు. మా చెల్లెలు గరివిడిలో నడుపుతోంది, దాంతోనే ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. కానీ తన పని వేరు, నా పని వేరు. వడ్రంగిని కమ్మరి జాబితాలో రాస్తే ఏ పనిముట్లు ఇస్తారో నాకూ అవే ఇచ్చారు.

ఈ పని నాకు ఎక్కడినుంచో ఊడిపడలేదు. మా నాన్న నాటకాలకి దుస్తులు అద్దెకిచ్చే డ్రెస్ కంపెనీలో మేకప్ వేసేవాడు. పద్య నాటకాలకి జింకు పొడి, కొబ్బరినూనె, అర్దళం అనే రంగుపొడి కలిపి ముఖాలు దిద్దేవాడు. పైడితల్లమ్మ సిరిమాను పండగ వచ్చిందంటే తొలేళ్ల నాడు పులి వేషాలకి చారలు గీస్తూ రాత్రంతా కూర్చునేవాడు. కుష్ఠు రోగి పాత్ర వస్తే దూదిని పొరలు పొరలుగా చీల్చి, గమ్ముతో ముఖానికి అంటించి, దాని మీద రంగు వేసేవాడు. ముందు వరసలో పిల్లలు భయపడి లేచిపోయేవారు. హైదరాబాద్ వెళ్లాక తెలిసింది, నూరేళ్ల కిందట అమెరికాలో లాన్ ఛానీ అనే నటుడు తన ముఖం మీద దూది, ఆరితే పొరలా బిగిసే కొలోడియన్ అనే ద్రవంతో చేసుకున్నది దాదాపు ఇదేనని. మా నాన్నకి ఆ పేరు తెలియదు. ఆయన పనికి కూడా ఏ కాగితంలోనూ పేరు లేదు. వృద్ధ కళాకారుల పింఛనుకి వెళితే "వేషం వేశావా?" అని అడిగారు. వెయ్యలేదు, వేయించాను అన్నాడు. కుదరదన్నారు.

నేను 2009లో హైదరాబాద్ వెళ్లినప్పుడు మేకప్ మగవాళ్లది, ఆడవాళ్లు నటీమణులకి జడలు వెయ్యడం వరకే అనే ఆనవాయితీ నడుస్తోంది. అచ్చు నేను తీసేదాన్ని, క్లే నేను చెక్కేదాన్ని, విగ్గుకి వెంట్రుకలు సూదితో ఒక్కొక్కటే నేను గుచ్చేదాన్ని. సెట్‌లో మాత్రం పక్కన నిలబడి బ్రష్ అందించాలి. సినిమా యూనియన్లు ఆడవాళ్లకి మేకప్ ఆర్టిస్టు కార్డు ఇవ్వకపోవడం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది 2014 నవంబరు 10న. ఆ రోజు మేం నలుగురు ఆడపిల్లలం కృష్ణానగర్‌లో మిఠాయి కొనుక్కుని తిన్నాం. దేశంలో అంత పెద్ద కోర్టు నన్ను మేకప్ ఆర్టిస్టు అనొచ్చు అని చెప్పింది. సొంత జిల్లాకి వచ్చాక ఒక గడి ఒప్పుకోవడం లేదు.

పేరు లేకపోవడం మా వృత్తికి కొత్త కాదని నాకు తెలుసు. ఆస్కార్‌లో కూడా మేకప్‌కి ఏటా ఇచ్చే అవార్డు మొదలైంది 1981 సినిమాలతోనే. అంతకుముందు ఇద్దరికి గౌరవంగా ఇచ్చి ఊరుకున్నారు. మన జాతీయ అవార్డుల్లో మేకప్ చేరింది 2006 సినిమాల నుంచి. 2009లో 'పా' సినిమాలో అమితాబ్ బచ్చన్‌ని పన్నెండేళ్ల పిల్లాడిగా మార్చినందుకు ఆ అవార్డు క్రిస్టియన్ టిన్స్‌లీ, డొమినీ టిల్ అనే విదేశీ నిపుణులకి వచ్చింది. వాళ్లు చేసింది గొప్ప పని, చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆ పని నేర్చుకోవాలని కూర్చున్న మాకు ఒక గది, ఒక ఓవెన్ దొరకకపోతే ఇంకెప్పటికీ బయటివాళ్లనే పిలవాలి కదా. మన రాష్ట్రం నంది అవార్డుల్లో మేకప్‌కి నంది ఉండేది. అవీ 2016 సినిమాల దగ్గర ఆగాయి.

డిక్ స్మిత్ అనే అమెరికా మేకప్ నిపుణుడి గురించి ఒక మాట చెప్పాలి. ముఖమంతటికీ ఒకే తొడుగు వేయకుండా ముక్కలు ముక్కలుగా చేసి అతికించే పద్ధతిని నిలబెట్టినవాడు. మేమంతా అలాగే చేస్తాం. ఆయనకి ఎక్కడెక్కడి పిల్లలో ఉత్తరాలు రాసేవారు, ఈ పని ఎలా చేస్తారు అని. అందరికీ జవాబు రాసేవాడు. ఏ జిగురు వాడాలో, ఏ పాళ్లలో కలపాలో దాచుకోకుండా చెప్పేవాడు. అలా రాసిన కుర్రాళ్లలో ఒకడు రిక్ బేకర్. మేకప్‌కి ఏటా ఇచ్చే ఆస్కార్ మొదటిసారి అందుకున్నది అతనే, మొత్తం ఏడు గెలిచాడు. ఉత్తరానికి జవాబు వస్తే ఒక మనిషి జీవితం ఎక్కడిదాకా వెళుతుందో చూడండి. నేను ఆస్కార్ అడగడం లేదు సార్. నా ఆరు కాగితాల్లో ఒక్కదానికి జవాబు అడుగుతున్నాను.

ఈ ఆలస్యంలో నేను పోగొట్టుకున్నది కూడా చెప్పాలి. కిందటి ఏడాది భీమిలి దగ్గర షూటింగ్ చేస్తున్న ఒక సినిమావాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఎనభై ఏళ్ల తాత పాత్ర, పద్నాలుగు రోజుల పని. ఒకసారి అతికించి తీసిన ముక్కల అంచులు చిరిగిపోతాయి, మర్నాడు పనికిరావు. పద్నాలుగు రోజులకి పద్నాలుగు సెట్లు కావాలి. నాకు ఇచ్చిన గడువు ఇరవై రోజులు. మంచి గది ఉంటే చేసేదాన్ని. షెడ్డులో చేసిన మొదటి నాలుగు సెట్లలో మూడు బుడగలతో వచ్చాయి. నిజం చెప్పేసి తప్పుకున్నాను. పని ముంబై వెళ్లిపోయింది. అక్కడినుంచి ఇద్దరు విమానంలో వచ్చి, హోటల్లో ఉండి, నేను నలభై కిలోమీటర్ల దూరంలో ఉండగా చేసి వెళ్లారు. సామాను కొనడానికి నేను చేసిన చేబదులు లక్షా ఎనభై వేలు ఇంకా తీరలేదు. తెరిచిన ఆల్జినేట్ డబ్బాలు మన తేమకి పాడైపోయాయి.

ఉత్తరాంధ్రకి షూటింగులు రావాలని ప్రతి ప్రభుత్వమూ అంటోంది. అరకు, భీమిలి, మా రామతీర్థం కొండ, అన్నీ ఇస్తామంటున్నారు, అనుమతులు వెంటనే ఇస్తామంటున్నారు. సంతోషమే. మరి వచ్చినవాళ్లు ఇక్కడ ఎవరికి పని ఇవ్వాలి? భోజనాలు, కార్లు, గుంపులో నిలబడే జనం, ఇంతవరకేనా మా జిల్లాలవాళ్లం? కొండలు చూపించినంత శ్రద్ధగా చేతి పని ఉన్నవాళ్లని కూడా చూపించండి.

సినిమా ఒక్కటే కాదు. మా నెల్లిమర్ల జూట్ కార్మికుల ఊరు. మిషనులో రెండు వేళ్లు పోయిన ఒక పెద్దాయనకి నేను సిలికాన్‌తో వేళ్లు చేసి ఇచ్చాను. ఆయన రెండో చేతి వేళ్ల అచ్చు చూసుకుంటూ గోళ్లతో సహా చెక్కాను. వాటితో పట్టుకోలేడు, కూతురి పెళ్లిలో అక్షింతలు వేసేటప్పుడు చెయ్యి దాచుకోలేదు, అంతే. నేను డబ్బు తీసుకోలేదు. ఆ తర్వాత ఇంకో ముగ్గురు వచ్చారు. వాళ్లకి చెయ్యడానికి నా దగ్గర మెటీరియల్ లేదు. వాళ్లని ఏ జాబితాలో రాయాలో కూడా నాకు తెలియదు.

నేను అడిగేది పెద్దది కాదు. ఆ జాబితాలో మా పని పేరు చేర్చండి. స్పెషల్ మేకప్ అనండి, ప్రొస్థెటిక్ అనండి, మీకు నచ్చిన తెలుగు పేరు పెట్టండి, బ్యూటీ పార్లర్ మాత్రం వద్దు. నిరాకరించారు అన్న మాట తీసేసి నా ఫైలు మళ్లీ తెరవమని చెప్పండి. తనిఖీకి వచ్చేవాళ్లని ఈసారి గుమ్మం దాటి లోపలికి రమ్మనండి, పది నిమిషాలు చాలు. కుదరదు అంటే కుదరదనైనా రాయించండి, నేను ఎదురుచూడటం మానేస్తాను. దయచేసి ఏదో ఒకటి రాయించండి.

మా అమ్మకి డయాలసిస్ నడుస్తోంది కాబట్టి నేను హైదరాబాద్ తిరిగి వెళ్లలేను. ఇక్కడే చెయ్యాలి. వచ్చే సోమవారం కూడా గ్రీవెన్స్‌కి వెళతాను. ఎర్రసిరాతో కొట్టేసిన కొటేషన్ కాపీ, ఆరు రసీదుల జిరాక్సులు, నేను చేసిన తాత ముఖం ఫొటో ఈ ఉత్తరానికి జతచేస్తున్నాను. ఫొటోలో ఎడమ కన్ను కింద బుడగ కనిపిస్తుంది. అది వేడికి వచ్చింది.

ఇట్లు,
మీ విధేయురాలు,
ఒక ప్రొస్థెటిక్ మేకప్ ఆర్టిస్టు,
నెల్లిమర్ల మండలం, విజయనగరం జిల్లా