ఇంటి కొలిమికి గ్యాస్ బర్నర్: కొనే ముందు కొలత చూడాలి

సంపాదకులు గారికి,

ఆర్యా,

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఇంటి పెరట్లోనే చిన్న కొలిమి కట్టుకుని కమ్మరం నేర్చుకోవాలనుకునే యువకులు ఈ మధ్య తరచుగా నా దగ్గరకు వస్తున్నారు. నేను చాలా ఏళ్లు వర్క్‌షాప్ బోధకుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. వచ్చేవారిలో కొందరు ఐటీఐ విద్యార్థులు, కొందరు ఉద్యోగస్థులు, ఒకరిద్దరు తాతల నాటి దాగలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మ) ఇంకా వసారాలో పడి ఉన్న కమ్మరి కుటుంబాల పిల్లలు. అందరూ మొదట అడిగేది ఒక్కటే: "సార్, ఏ బర్నర్ కొనమంటారు?" దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉన్నదనీ, అది అడగకపోవడం వల్ల డబ్బు పోవడంతో పాటు ప్రాణాల మీదికి కూడా వస్తున్నదనీ మీ పత్రిక ద్వారా చెప్పదలచి ఈ ఉత్తరం రాస్తున్నాను.

గ్యాస్ ఎందుకు, మన పాత బొగ్గుల కొలిమి చాలదా అని పెద్దలు అడగవచ్చు. పల్లెలో అది నేటికీ మంచి కొలిమే. గడ్డపార మొన సాగగొట్టడానికీ, చెరకు నరికే కత్తికి పదును పెట్టడానికీ దానికి వంక పెట్టలేము. కానీ పట్నంలో ఇరుగుపొరుగు పొగను సహించరు, మంచి బొగ్గు దొరకడం కష్టం, తిత్తి ఊదడానికి రెండో మనిషి ఉండడు. ఆ కారణాల వల్ల పిల్లలు గ్యాస్ వైపు చూడడంలో తప్పులేదు.

బర్నర్ కంటే ముందు తెలుసుకోవలసింది కొలిమి లోపలి గది ఎన్ని లీటర్లు అన్నది. సాధారణంగా వీరు ఇనుప గొట్టం ముక్క ఒకటి తెచ్చి, దాని లోపల వేడిని ఆపే సిరామిక్ ఉన్నిని 25 మిల్లీమీటర్ల మందం గల పొరలు రెండు పరుస్తారు. గొట్టం వ్యాసం 250 మిల్లీమీటర్లయితే ఉన్ని పోగా లోపల మిగిలేది 150. పొడవు 300 అనుకుంటే గది సుమారు 5.3 లీటర్లు. అదే 200 మిల్లీమీటర్ల గొట్టం తీసుకుంటే లోపల 100 మాత్రమే మిగిలి, గది 2.4 లీటర్లకు పడిపోతుంది. బయటి నుంచి చూస్తే రెండింటికీ పెద్ద తేడా కనిపించదు, లోపల మాత్రం సగానికి పైగా తేడా వచ్చింది. ముప్పావు అంగుళం గొట్టంతో చేసిన బర్నర్ ఒకటి ఐదున్నర లీటర్ల గదికి సరిపోతుందనీ, అరంగుళం బర్నర్ రెండున్నర లీటర్ల లోపు గదికి చాలుననీ ఈ పని చేసేవారు అనుభవం మీద పెట్టుకున్న లెక్క. ఇది తెలియక చిన్న గదికి అంగుళం బర్నర్ బిగించినవారు మంటలో ఎక్కువ భాగాన్ని కొలిమి నోటి నుంచి బయటకు తోలుతున్నారు. పెద్ద గదికి చిన్న బర్నర్ పెట్టినవారు గంటసేపు కూర్చున్నా ఇనుము ఎర్రబడడమే తప్ప నారింజ రంగుకు రావడం లేదు. సాగగొట్టడానికి ఇనుము 1000 డిగ్రీల సెల్సియస్ దాటి పసుపు రంగుకు దగ్గర పడాలి. ఎర్రదనం మీద బలంగా కొడితే ముక్క చీలే ప్రమాదం ఉంది.

ఇక బర్నర్ రకాల సంగతి. వంటింటి స్టవ్ బర్నర్‌ను కొలిమికి పెట్టే ప్రయత్నం దయచేసి ఎవరూ చేయవద్దు. ఇంటి రెగ్యులేటర్ ఇచ్చే ఒత్తిడి సుమారు 30 మిల్లీబార్లు మాత్రమే. కొలిమిలో వాడే వెంచురి బర్నర్‌కు దానికి పది రెట్లకు పైగా, అంటే చదరపు సెంటీమీటరుకు 0.35 నుంచి 1.4 కిలోల వరకు ఒత్తిడి కావాలి. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఒక లీటరు ప్రొపేన్ పూర్తిగా మండడానికి 24 లీటర్ల గాలి, ఒక లీటరు బ్యూటేన్‌కు 31 లీటర్ల గాలి అవసరం. వెంచురి బర్నర్‌లో ఫ్యాన్ ఉండదు. సన్నని రంధ్రం నుంచి వేగంగా దూసుకొచ్చే గ్యాస్ ధారే పక్కనున్న గాలిని తనతో లాక్కుని గొట్టంలోకి పోతుంది. ధారకు వేగం లేకపోతే గాలి రాదు, గాలి రాకపోతే పసుపు రంగు పొగమంట తప్ప వేడి రాదు.

రెండో రకం, బ్లోయర్‌తో గాలిని తోసే బర్నర్. గ్యాస్ ఒత్తిడి తక్కువున్నా అది పనిచేస్తుంది, మంటను సన్నగా సవరించుకోవచ్చు, రెండు ఇనుప ముక్కలను కాల్చి అతికే పనికి కావలసిన 1250 డిగ్రీల వేడిని సులువుగా ఇస్తుంది. చేయి తిరిగినవారికి అది మేలైనదేనని నేనూ ఒప్పుకుంటాను. కొత్తవారికి మాత్రం వద్దంటాను. చంద్రగిరి దగ్గర నా పూర్వ విద్యార్థి ఒకరు వేసుకున్న షెడ్డులో నా కళ్లముందే జరిగిన సంఘటన ఇందుకు కారణం. వేసవి మధ్యాహ్నం కరెంటు పోయింది, బ్లోయర్ ఆగింది, మంట ఆరింది. గ్యాస్ మాత్రం ఆగలేదు. మేము కవాటం దగ్గరకు చేరేలోపు గ్యాస్ వెనక్కి మళ్లి బ్లోయర్ గొట్టంలో నిండింది. అంతలోనే కరెంటు వచ్చి ఫ్యాన్ తిరగగా, ఆ గ్యాస్ ఎర్రగా ఉన్న కొలిమి గోడలకు తగిలి ఒక్కసారిగా పేలి బ్లోయర్ పెట్టె రెండుగా పగిలింది. అదృష్టం కొద్దీ ఎవరి కంటికీ ముక్క తగలలేదు. కరెంటు పోగానే గ్యాస్‌ను దానంతట అదే మూసివేసి, మళ్లీ మనం చేత్తో తెరిచేదాకా తెరుచుకోని సోలెనాయిడ్ కవాటం ఆ గొట్టానికి ఉండి తీరాలి. అమ్మిన దుకాణదారు అది అనవసరపు ఖర్చని ఆ అబ్బాయికి చెప్పి పంపాడట. పాత కొలిమిలో తిత్తి ఊదే చేయి ఆగితే బొగ్గు నిదానంగా మసకబారేది. ఆ అలవాటులో పెరిగిన మనకు, గాలి ఆగినా ఇంధనం ఆగదన్న సంగతి ఒంటబట్టడానికి కొంతకాలం పడుతుంది.

వందలాది సన్నని రంధ్రాలతో మంటను సమంగా పరిచే రిబ్బన్ బర్నర్ కూడా ఉన్నది. దాని తయారీ శ్రమతో కూడినది, మొదటి ఏడాదిలో దాని జోలికి పోనవసరం లేదు.

కాబట్టి నా సలహా ఇది: ఐదు లీటర్లకు అటూ ఇటూ ఉన్న గది, దానికి ముప్పావు అంగుళం వెంచురి బర్నర్ ఒకటి, గాలి రంధ్రాలను మూసి తెరిచే తొడుగు, ఒత్తిడిని తిప్పి సవరించగల అధిక పీడన రెగ్యులేటర్, ఒత్తిడి చూపే గేజి, చేతికి అందే దూరంలో, పావు తిప్పుతో గ్యాస్‌ను పూర్తిగా మూసే కవాటం (క్వార్టర్ టర్న్ బాల్ వాల్వ్). డబ్బు తక్కువైతే బర్నర్ సొగసులో తగ్గించుకోవాలి గాని రెగ్యులేటర్‌లోనూ గొట్టంలోనూ తగ్గించుకోకూడదు. వంటింటి రబ్బరు గొట్టం ఈ ఒత్తిడికి పనికిరాదు. అధిక పీడన ఎల్పీజీకి తగినదని ఐఎస్ఐ గుర్తుతో అమ్మే గొట్టమే తీసుకోవాలి. ప్రతిసారీ వెలిగించే ముందు అన్ని అతుకుల మీదా సబ్బు నీళ్లు రాసి బుడగలు చూడాలి.

సిలిండర్ విషయంలో జరుగుతున్న తప్పు ఇంకా పెద్దది. ఇంటి అవసరానికి ఇచ్చే 14.2 కిలోల సిలిండర్‌ను వేరే పనికి వాడడం 2000 సంవత్సరపు ఎల్పీజీ సరఫరా, పంపిణీ నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నిషిద్ధం. కొలిమికి 19 కిలోల వాణిజ్య సిలిండర్ గాని, నేర్చుకునే దశలో ఇంటి కనెక్షన్‌ది కాని 5 కిలోల సిలిండర్ గాని తీసుకోవచ్చు. ముప్పావు అంగుళం బర్నర్ మధ్యస్థ ఒత్తిడి మీద గంటకు కిలోకు అటూ ఇటూగా గ్యాస్ తాగుతుంది, ఒత్తిడి పెంచితే ఇంకా ఎక్కువ. చిన్న సిలిండర్ నుంచి అంత వేగంగా గ్యాస్ లాగినప్పుడు అది చల్లబడి పైన చెమట పడుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. ప్రొపేన్ సున్నాకు దిగువన 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది గాని బ్యూటేన్ సున్నాకు దగ్గర మరుగుతుంది గనుక, సిలిండర్ అడుగంటేకొద్దీ బ్యూటేన్ పాలు పెరిగి మంట నీరసిస్తుంది. జనవరి తెల్లవారుజామున పలమనేరులోనో మదనపల్లెలోనో పని మొదలుపెట్టినవారికి ఇది బాగా తెలుస్తుంది. అప్పుడు సిలిండర్‌ను వేడి చేయడం, పడుకోబెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు. పడుకోబెడితే ద్రవమే నేరుగా బర్నర్‌లోకి వస్తుంది.

విదేశీ వీడియోలను చూసి చేసుకునేవారికి ప్రత్యేకంగా ఒక మాట. అక్కడి కొలతలు దాదాపు పూర్తిగా ప్రొపేన్ ఉన్న గ్యాస్‌కు రాసినవి. మన దగ్గర దొరికేది ప్రొపేన్, బ్యూటేన్ మిశ్రమం. దానికి గాలి ఎక్కువ కావాలి. గ్యాస్ దూసుకొచ్చే సన్నని రంధ్రంగా వారు చెప్పిన 0.9 మిల్లీమీటర్ల మిగ్ వెల్డింగ్ టిప్‌నే బిగించి, గాలి రంధ్రాలు పూర్తిగా తెరిచినా మంట పసుపు రంగులో పొడవుగా నోటి బయటకు వస్తుంటే, బర్నర్ చెడ్డదని పారవేయకుండా ఒక సైజు సన్నని టిప్ పెట్టి చూడాలి. నేను చూసిన బర్నర్లలో సగం ఫిర్యాదులు ఈ ఒక్క మార్పుతో తీరిపోయాయి.

బర్నర్ గొట్టానికి నల్ల ఇనుప పైపే వాడాలి. దుకాణంలో పైపు అడిగితే నీళ్ల పనికి వాడే జింకు పూత పైపు చేతిలో పెడతారు. జింకు 907 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది, కొలిమి నోటి దగ్గర అంత వేడి సులువుగా వస్తుంది. ఆ తెల్లటి పొగ పీల్చినవారికి సాయంత్రానికి చలి జ్వరం పట్టుకుంటుంది. సిరామిక్ ఉన్నిని కూడా ఊరికే వదిలేయకుండా పైన వేడికి ఆగే సిమెంటు పూత పూయాలి. దాని సన్నని నూగు ఊపిరితిత్తులకు హాని, పూత లేని ఉన్నిని, ఇనుము అతికేటప్పుడు చల్లే వెలిగారం (బోరాక్స్) కూడా తినేస్తుంది. బర్నర్ మొనను గది లోపలికి పొడుచుకు రానివ్వకుండా గోడలోనే కాస్త వెనక్కి ఉంచి, మంట గుండ్రంగా తిరిగేట్టు ఓరగా బిగించాలి. పైనుంచి బిగించినవారు పని ముగించి గ్యాస్ కట్టగానే గాలి తొడుగు మూసివేయాలి. లేకపోతే లోపలి వేడి గొట్టంలో నుంచి పైకెక్కి టిప్‌ను పాడుచేస్తుంది.

కొలిమి పెట్టే చోటు గురించి మన ఇళ్లను బట్టి చెప్పాలి. ఎల్పీజీ గాలికంటే బరువు, ఒకటిన్నర నుంచి రెండింతల వరకు. లీకైన గ్యాస్ పైకి పోకుండా నేలబారున పాకి పల్లంలో నిలుస్తుంది. మన తిరుపతిలో చాలా ఇళ్లలో మెట్ల కింద నీళ్ల సంపు ఉంటుంది, దాని పక్కనే స్కూటర్లు నిలుపుతారు; సరిగ్గా ఆ చోటే నీడగా ఉందని పిల్లలు కొలిమికి ఎంచుకుంటున్నారు. సంపు మూత దగ్గర, మురుగు కాలువ దగ్గర, గోడలు మూసిన గదిలో కొలిమి వద్దు. కనీసం రెండు వైపులా తెరిచి ఉన్న రేకుల షెడ్డు కావాలి. గాలి చాలని మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు గనుక తలనొప్పి మొదలయ్యేదాకా తెలియదు. వెలిగించేటప్పుడు ముందుగా నిప్పును గది నోటిలో పెట్టి, తరువాతే గ్యాస్ తిప్పాలి. గ్యాస్ తిప్పి అగ్గిపెట్టె వెతుక్కోకూడదు.

ఐటీఐలు, పాలిటెక్నిక్‌ల అధికారులకు నాది ఒక విన్నపం. నెలకొక శనివారం తమ వర్క్‌షాప్ తెరిచి, బయటి యువకులు చేసుకున్న బర్నర్లను బోధకుల సమక్షంలో సబ్బు నీళ్లతో పరీక్షించి, గేజి పెట్టి వెలిగించి చూపితే పెద్ద ఖర్చేమీ కాదు. తిరుపతిలో అటువంటి ఏర్పాటు చేస్తే నేను జీతం లేకుండా వచ్చి నిలబడడానికి సిద్ధం. గ్యాస్ పరికరాలు అమ్మే దుకాణదారులు కూడా కొలిమి కోసమని వచ్చినవారికి వంటింటి రెగ్యులేటర్ కట్టబెట్టకుండా, గది ఎన్ని లీటర్లో అడిగి సామాను ఇవ్వాలని కోరుతున్నాను.

ఈ ఉత్తరంతో పాటు 5.3 లీటర్ల గది కొలతలు, బర్నర్ బిగించవలసిన కోణం చూపే చేతిగీత చిత్రం ఒకటి జతపరుస్తున్నాను. స్థలం ఉన్నట్లయితే దానిని కూడా ప్రచురించగలరని ప్రార్థన.

ఇట్లు,
విశ్రాంత వర్క్‌షాప్ బోధకుడు,
తిరుపతి.